ఉచిత మార్కెటింగ్ సలహాలన్నీ విన్నాను. లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావట్లేదు. ఏం చేయాలి?

కలంకారి కోడలు, తిరుపతి

అందరికీ నమస్తే. మా అత్తగారిది శ్రీకాళహస్తి. మామగారు పెన్ కలంకారి వేస్తారు, చిన్నప్పట్నుంచీ అదే పని. ఇంట్లో మా ఆడపడుచు, ఇంకో ఇద్దరు రంగులు నింపుతారు. మా ఆయన ఉద్యోగం తిరుపతిలో కాబట్టి మేం కొర్లగుంటలో ఉంటాం. వారం వారం కాళహస్తి వెళ్లి సరుకు తెచ్చుకుంటాను. ఇన్‌స్టా పేజీ, వాట్సాప్, కొరియర్ అన్నీ నేనే చూసుకుంటాను.

ఈ ఆన్‌లైన్ మార్కెటింగ్ నాకెవరూ నేర్పలేదు. ఉచితంగా దొరికే వీడియోలు చూసి నేర్చుకున్నదే. రోజూ పోస్టు పెట్టమన్నారు, పెట్టాను. అమ్మకం ఊసెత్తకుండా ముందు జనానికి పనికొచ్చేది ఇవ్వండి, నమ్మకం కుదిరితే వాళ్లే కొంటారు అన్నారు. సరే అని తయారీ మొత్తం చూపించాను. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెట్టడం, చింతబొగ్గుతో బొమ్మ గీసుకోవడం, వెదురు కలంతో కసిం అనే నల్లరంగు గీత వేయడం, పటిక పూయడం, స్వర్ణముఖిలో ఉతకడం. ఆ ఏట్లో ఉతికే వీడియో బాగా పాకింది. ఫాలోవర్లు పదకొండు వేలు దాటారు.

అమ్మకాలు మాత్రం ఇప్పటికీ మామగారి పాత పరిచయాల మీదే నడుస్తున్నాయి. పేజీలో "సూపర్", "మన సంస్కృతి", దండం పెట్టే బొమ్మలు. "ప్రైస్ ప్లీజ్" అన్నవాళ్లకు ధర పంపితే చూసి ఊరుకుంటారు. మా దుపట్టా 2,800, పట్టుచీర 14 వేల నుంచి. ఇప్పుడు ఒకాయన 15 వేలకు కోర్సు చెప్తానంటున్నాడు, ఉచిత వీడియోల్లో చెప్పని కిటుకులన్నీ అందులో ఉన్నాయట. "ఆ డబ్బుకి చీరలకు పట్టు కొనుక్కోవచ్చు" అంటారు మా మామగారు. ఇంత ఉచితంగా నేర్చుకున్నదాన్ని డబ్బుగా మార్చుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

ఎయిర్ బైపాస్ కుర్రోడు

అక్కా, మీ రీల్స్ చూశా, కెమెరా బాగుంది. కానీ ట్రెండింగ్ ఆడియో వాడట్లేదు. మొదటి మూడు సెకన్లలో పట్టుకోవాలి. రోజుకి ఒకటి చాలదు, రెండు పెట్టండి. రీచ్, అంటే చూసేవాళ్ల సంఖ్య, పెరిగితే సేల్స్ వాటంతట అవే వస్తాయి.

బైరాగిపట్టెడ టీచరమ్మ

"ప్రైస్ ప్లీజ్" అని అడిగి మాయమయ్యేవాళ్లలో నేనొకదాన్ని. మీ పేజీలో కాదులెండి, వేరే పేజీల్లో. ఎందుకు మాయమవుతానో చెప్తాను, పనికొస్తుందేమో చూడండి.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఖాళీ దొరికినప్పుడు చీర చూస్తాను. ధర అడుగుతాను. జవాబు రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. అప్పుడు నేను పేపర్లు దిద్దుతుంటాను. ఇంకోసారి జవాబు వెంటనే వస్తుంది, కానీ ఉత్త అంకె. "14,000." అంతే. నేను రెండు మూడు వేలు అనుకుని అడిగినదాన్ని. కలంకారి పేరుతో బజారులో ఆరొందలకు కూడా దొరుకుతోంది కదా. ఇంత తేడా ఎందుకని అడిగితే పల్లెటూరిదానిలా కనిపిస్తానేమోనని మొహమాటం. వద్దని చెప్పడానికీ మొహమాటమే. అందుకని చూసి వదిలేస్తాను. కొనకూడదని కాదు. ఆ తేడా ఎవరైనా అడగకముందే చెప్పి ఉంటే, నాలుగు వేలలో మీ దగ్గర ఏముందో చూపించి ఉంటే, కొనేదాన్నే.

గాంధీరోడ్డు గల్లాపెట్టె

చెల్లెమ్మా, పైన టీచరమ్మ గారు రాసింది ప్రింటు తీసి గోడకు అంటించుకో. 15 వేల కోర్సులో ఇంత సరుకు ఉండదు.

మాది గాంధీరోడ్డులో ఇత్తడి, రాగి సామాన్ల అంగడి. మా నాయన పెట్టింది. కొండ దిగి వచ్చిన యాత్రికులు ఒక కుందో, చెంబో కొనుక్కుని బస్సెక్కుతారు, మళ్లీ ఆ మొహం కనపడదు. ఊళ్లోవాళ్లు పెళ్లికీ గృహప్రవేశానికీ తప్ప రారు. ఈ ఉచిత సలహాలు నేను కూడా చాలా విన్నాను, అంగట్లో వాడి చూశాను. అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకో.

ఆ సలహాలు అబద్ధాలని అనను. కానీ చెప్పేవాడి వ్యాపారం ఏందో చూడు. వాడికి చూపులే సరుకు. మనం చూస్తే వాడికి ప్రకటనల డబ్బు వస్తుంది, లేదంటే కోర్సు అమ్ముడుపోతుంది. అందుకని వాడి పాఠం "జనం చూడాలి" అన్నచోట ఆగిపోతుంది. మన పని అక్కడే మొదలయ్యేది. చూసినవాళ్లు అడగాలి. అడిగినవాళ్లకు ఆ ధర ఎందుకో అర్థం కావాలి. అర్థమైనవాళ్లకు డబ్బు ఎట్లా కట్టాలో, సరుకు ఎప్పుడు చేతికొస్తుందో తెలియాలి. ఈ భాగం అంగడి అంగడికీ మారుతుంది కాబట్టి ఊరందరికీ ఒకే వీడియోలో ఎవరూ చెప్పలేరు. మనమే కట్టుకోవాల.

నా సంగతి చెప్తా. గల్లా పక్కన ఒక నోటుబుక్కు పెట్టాను. అంగట్లో ఎవరు ఏం అడిగినా, కొన్నా కొనకపోయినా, ఆ ప్రశ్న అట్లాగే రాసేది. "ఇత్తడి బిందె ఎట్లా తోమాలి", "ఇది నిజం రాగేనా", "రాగి చెంబులో మజ్జిగ పోయొచ్చా". అన్నింటికన్నా ఎక్కువసార్లు వచ్చింది "కళాయి ఎక్కడ వేస్తారన్నా?" అని. కళాయి అంటే గిన్నె లోపల వేసే తగరం పూత. మేం అది వేయం. మా నాయన కాలంలో వీధుల్లో "కళాయీ" అని అరుచుకుంటూ వచ్చేవాళ్లు, ఇప్పుడు లేరు. ఇంటింటా అమ్మమ్మల ఇత్తడి గిన్నెలు అటక మీద ఉన్నాయి. కళాయి లేకుండా పులుసు వండితే చిలుము పడుతుందని భయం.

నేను కళాయి గురించి తెలిసిందంతా చెప్పేశాను. గిన్నె కాల్చడం, నవాసారం చల్లడం, తగరం కడ్డీ ఆనిస్తే కరగడం, దూదితో లోపలంతా రుద్దడం. తగరంలో సీసం కలిపి వేసేవాళ్లుంటారు, అది ఒంటికి చెడ్డది, అడిగి వేయించుకోండి అని. ఖాళీ గిన్నె పెద్దమంట మీద పెట్టొద్దు, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, మీ కళాయి పొయ్యి మీదే ఊడిపోతుంది అని. ఏదీ దాచలేదు. మా తమ్ముడు గొడవ చేశాడు, ఇదంతా చెప్పేస్తే ఇంట్లోనే వేసుకుంటారని. ఎవడు వేసుకుంటాడబ్బా అపార్టుమెంటులో బొగ్గుల కుంపటి పెట్టుకుని?

ఫోన్లు మొదలైనాయి. "మా అమ్మ గిన్నెలున్నాయి, మీరే వేయించి ఇస్తారా?" అని. పాత కళాయి పనివాణ్ణి ఒకాయన్ని వెతికి పట్టుకున్నాం. నెలలో ఒక ఆదివారం గిన్నెలు తీసుకుంటాం, గిన్నె సైజును బట్టి రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, తిరిగి ఇచ్చే తేదీ చీటీ మీద రాసిస్తాం. కళాయి మీద మాకు మిగిలేది తక్కువే. గిన్నెలు తీసుకోవడానికి వచ్చినామె ఊరికే నిలబడదు కదా, ఒక గరిటె చూస్తుంది, పూజ పళ్లెం అడుగుతుంది. అంతకుముందు సంవత్సరానికి ఒకసారి వచ్చే ఇల్లు ఇప్పుడు రెండు మూడుసార్లు వస్తోంది. వీడియో ఉచితం, కళాయికి కొంచెం డబ్బు, అసలు రాబడి సామాన్ల మీద. ఈ దారి ఏ ఉచిత సలహాలోనూ లేదు, కానీ "పనికొచ్చేది ముందు ఇవ్వు" అన్న ఆ సలహా మీదే కట్టింది.

ఇప్పుడు నీ దగ్గరికొద్దాం. నువ్వు పెట్టినవన్నీ "ఎట్లా తయారుచేస్తారు" అన్న వీడియోలు. అవి ఎవరు చూస్తారు? బొమ్మలు వేసేవాళ్లు, డిజైన్ చదివే పిల్లలు, పాతకాలం పనులంటే ఇష్టపడేవాళ్లు. మెచ్చుకుంటారు, పంచుకుంటారు. చీర కొనే మనిషి బుర్రలో తిరిగే ప్రశ్నలు వేరే. నేనైతే ఈ వరసలో తీసుకుంటా.

మొదటిది, ఇది చేత్తో వేసిందా, అచ్చా? మచిలీపట్నం కలంకారి చెక్క అచ్చులతో వేస్తారు, మీది కలంతో. రెండింటికీ వేర్వేరుగా జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చేది) ఉంది, రెండూ మంచి పనులే. వాటిని తక్కువ చేసి మాట్లాడొద్దు. బజారులో ఆరొందలకు వచ్చేది చాలావరకు ఆ రెండూ కాదు, మిషను మీద వేసిన స్క్రీన్ ప్రింటు. నీ దుపట్టా, ఆ ప్రింటు గుడ్డ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు. ఒకే నెమలి పదిసార్లు వస్తే ప్రింటులో పదీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి, చేతిపనిలో ఒక్కో నెమలి మెడ ఒక్కోలా వంగుతుంది. ఈ వీడియోకి ఏట్లో ఉతికేదానికి వచ్చినన్ని చూపులు రావు. రాకపోనీ. చూసినవాళ్లలో చీర కొందామనుకునేవాళ్లు ఎక్కువ ఉంటారు.

రెండోది ధర. 14 వేలు ఎందుకు? పట్టు ఖరీదు ఎంత, ఎంతమంది చేతులు మారుతుంది, ఒక్కో రంగుకీ మళ్లీ మళ్లీ ఉడకబెట్టి ఉతకాల్సిన పని ఎంత. కసిం తయారవడానికే తుప్పుపట్టిన ఇనుము బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియాలి కదా, అది చెప్పు. నువ్వు తయారీ వీడియోలో చూపించిన విషయమే ఇది. అక్కడ అది వింత, ఇక్కడ ధరకు లెక్క. అదే ముక్కను ధర పక్కన పెట్టు.

మూడోది వాసన, ఉతుకు. కొత్త గుడ్డకు పాలవాసన వస్తుందని నాకు తెలుసు, హైదరాబాదులో కొన్నామెకు తెలియదు. పాడైన గుడ్డ పంపారనుకుంటుంది. ముందే చెప్పేస్తే ఆ వాసనే అసలు సరుకుకు సాక్ష్యం అవుతుంది. చల్లని నీళ్లు, కుంకుడు రసం, నీడన ఆరబెట్టడం, అంతేగా? ఒక చిన్న కాగితం మీద తెలుగులో అచ్చువేయించి ప్రతి పార్సిల్‌లో పెట్టు.

ప్రతి వీడియో చివరా మూడు మాటలు ఉండాల. ఈ గుడ్డ ధర ఎంత, ఇప్పుడు చేతిలో ఉందా వేయించి ఇవ్వాలా, ఏ నెంబరుకి మెసేజ్ పెట్టాలి. "వివరాలకు సంప్రదించండి" అని మాత్రం రాయొద్దు. సంప్రదించరు.

ఇంకో మాట. రీలు నాలుగురోజులు ఆడి పోతుంది. అదే జవాబును యూట్యూబులో "కలంకారి చీర ఎలా ఉతకాలి" అని తెలుగులో పేరు పెట్టి వదిలితే, చీర ముందర పెట్టుకుని కూర్చున్న మనిషి ఎప్పుడో వెతుక్కుంటూ వస్తుంది. నా కళాయి వీడియో పెట్టి ఏళ్లు దాటింది, ఇప్పటికీ దాన్ని పట్టుకుని ఫోన్లొస్తాయి. గూగుల్ మ్యాపులో వ్యాపారం పేరు నమోదు కూడా ఉచితమే, మామగారి పని జరిగే చోటు పెట్టు. రాహుకేతు పూజకు కాళహస్తి వచ్చేవాళ్లు ఎంతమంది! గుడి నుంచి బయటికొచ్చి రైలుకు ఇంకా టైముందని ఫోనులో కలంకారి వెతికేవాళ్లు వాళ్లలో ఉండరా?

కలంకారి కోడలు, తిరుపతి

అన్నా, ఇంత రాసినందుకు చాలా థ్యాంక్స్. టీచరమ్మ గారూ, మీకూ. పాలవాసన విషయం నిజమే. ఒకామె గుడ్డ తిప్పి పంపింది, కారణం చెప్పలేదు, ఇప్పుడు అర్థమవుతోంది.

రెండు అనుమానాలు. ధర బయటికి పెడితే మా మామగారు ఒప్పుకోరు. కాళహస్తిలో మా పక్కవీధిలోనే ఇంకా చాలామంది ఇదే పని చేస్తారు, చూసి వందా రెండొందలు తగ్గించి అమ్ముతారని ఆయన భయం. రెండోది, యూట్యూబులో చూపులకే డబ్బులొస్తాయి కదా, ఏట్లో ఉతికే వీడియో లాంటివి అక్కడ పెడితే ఆ దారిన సంపాదించలేమా?

పుత్తూరు మరమగ్గం

మేడమ్, ధర విషయంలో మీ మామగారి వైపు కొంచెం నేనుంటా. గల్లాపెట్టె గారిది చిల్లర అంగడి, ఆయనకు బోర్డు మీద రేటు సరిపోతుంది. మాకు నగరాల బొటిక్కులకు అమ్మే అలవాటు. వాళ్లు ముందు మీ పేజీ తెరిచి చూస్తారు. అక్కడ దుపట్టా 2,800 అని కనిపిస్తే, వాళ్లు దాన్ని 4,500కు అమ్ముకోలేరు కదా. వాళ్ల కస్టమరు కూడా అదే పేజీ చూస్తుంది.

నా సలహా. ధర పెట్టండి, కానీ ఎవరికి అమ్మాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. బొటిక్కులకైతే పేజీలో పెట్టే చిల్లర ధర వాళ్లు అమ్ముకునే ధరకు తగ్గకుండా ఉండాలి, వాళ్లకు ఇచ్చే టోకు రేటు విడిగా కాగితం మీద ఉండాలి. తక్కువలో తక్కువ ఎన్ని తీసుకోవాలి, అడ్వాన్సు ఎంత, అదే డిజైను మళ్లీ కావాలంటే ఎన్ని వారాలు. ఆ ఒక్క పేజీ పీడీఎఫ్ ఫోనులో సిద్ధంగా పెట్టుకుంటే మీ ఏట్లో ఉతికే వీడియో కూడా పనికొస్తుంది. బొటిక్కు వాళ్లు దాన్ని వాళ్ల కస్టమర్లకు చూపించుకుంటారు, ఒక్కోసారి మీ పేరు తీసేసి పంపమంటారు కూడా. పేరు తీయనివ్వకండి. బెంగళూరు, చెన్నై రెండూ మనకు దగ్గరే, శాంపిళ్లు పట్టుకుని పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి రావచ్చు.

మా ప్రింటు గుడ్డల మీద మీ వీడియోలో విసుర్లు లేకుండా చూడండి, మేమూ బతకాలి :)

గాంధీరోడ్డు గల్లాపెట్టె

పుత్తూరు అన్న చెప్పిన టోకు లెక్క నాకు తట్టలేదు, అది పాటించు చెల్లెమ్మా. దాంతో మీ మామగారి దిగులు కూడా సగం తీరుతుంది, పేజీలో ఉండేది ఎక్కువ ధరే కాబట్టి. మిగతా సగానికి ఒక మాట. పక్కవీధి వాళ్లకు మీ రేటు ఇప్పటికే తెలుసు. కాళహస్తి ఎంత ఊరని! తెలియనిది కొనేవాళ్లకే. ప్రతి చీరకూ రేటు రాయడం ఇష్టం లేకపోతే "దుపట్టాలు ఇంత నుంచి ఇంత, పట్టుచీరలు ఇంత నుంచి" అని రాయమను. టీచరమ్మ గారి లాంటివాళ్లకు అది చాలు, తన బడ్జెట్‌లో ఏదో ఉందని తెలుస్తుంది.

యూట్యూబు డబ్బు గురించి. ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటల చూపు కావాలి. చిన్న షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి చూపులు. అది వేరే వ్యాపారం. దాని వెంట పడితే నువ్వు వీడియోలు తీసేదానివి అవుతావు, మీ మామగారు నీ వీడియోల్లో నటుడవుతారు. వస్తే రానీ, లెక్కలో మాత్రం వేసుకోవద్దు.

నీ కళకే దగ్గరగా ఇంకో రాబడి ఉంది, అది ఎవరూ చెప్పలేదేంది? నీ తయారీ వీడియోలు మెచ్చుకునేవాళ్లు చీర కొనరన్నాను కదా. వాళ్లకు నేర్చుకోవాలని ఉంటుంది. ఒక పూట క్లాసు పెట్టండి. కలం పట్టడం, ఒక చేతిగుడ్డ మీద చిన్న నెమలి. రంగులు ఆరి ఉతికే పని ఒక పూటలో కాదు కాబట్టి నల్లగీత వరకే, ఆ గుడ్డ వాళ్లకే ఇచ్చేయండి. ముందుగా డబ్బు కట్టినవాళ్లకే చోటు. నేర్పడం మీ ఊరికి కొత్తేం కాదు. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో 1950ల్లోనే అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడి కలంకారి కళాకారులు గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి పేరుకు అంత బరువుంది, వాడుకోండి. మీ మామగారు ఎక్కువ మాట్లాడని మనిషైతే ఆయన గీస్తుంటే నువ్వు చెప్పు.

బైరాగిపట్టెడ టీచరమ్మ

క్లాసు పెడితే మా స్కూలు నుంచి నలుగురం వస్తాం. రెండో శనివారం అయితే మాకు వీలు. పిల్లలను తీసుకురావచ్చా అన్నది కూడా ముందే రాయండి, మొదట అడిగేది అదే.

ఎయిర్ బైపాస్ కుర్రోడు

అన్నా, మరి రీచ్ అసలు అక్కర్లేదంటారా? ఎవరూ చూడకపోతే ఎవరు అడుగుతారు?

గాంధీరోడ్డు గల్లాపెట్టె

అక్కర్లేదని ఎక్కడన్నాను తమ్ముడూ? ఆమెకు పదకొండు వేలమంది ఉన్నారు. మా అంగట్లోకి పదకొండు వేలమంది ఒకేసారి వస్తే నిలబెట్టను చోటు లేదు. ఆమెకు చూసేవాళ్లు చాలు, అడిగేవాళ్లు తక్కువ. నువ్వు చెప్పిన మూడు సెకన్ల మాట మంచిదే, ఆ మూడు సెకన్లలో నది బదులు రెండు గుడ్డలు పక్కపక్కన పెట్టి "ఇందులో చేత్తో వేసింది ఏది?" అని అడగమను.

చెల్లెమ్మా, లెక్క కూడా మార్చు. ఫాలోవర్లను లెక్కపెట్టడం ఆపి, ఈ వారం ఎంతమంది ధర అడిగారు, ఎంతమంది కట్టారు, కట్టినవాళ్లు ఏం చూసి వచ్చారు అని రాసుకో. మూడో ప్రశ్న నోటితో అడగాల్సిందే. మా దగ్గర బిల్లు రాసేటప్పుడు అడుగుతాం.

వాట్సాప్ బిజినెస్ వాడుతున్నావా, మామూలు వాట్సాపా? బిజినెస్‌లో కేటలాగ్ ఉంటుంది, ఎప్పుడూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టుకోవచ్చు. అదీ ఉచితమే. ఒకే మెసేజ్ అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పెట్టొచ్చు, కానీ నీ నెంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. అందుకని కొన్నవాళ్లను అక్కడికక్కడే సేవ్ చేసుకోమని అడుగు. గుడ్ మార్నింగులు పంపితే బ్లాకు చేస్తారు. మన ముహూర్తాలు చూసుకుని పంపు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, శ్రావణానికి కొనేవాళ్లు అప్పుడే చూడ్డం మొదలుపెడతారు. నీ చీర వేయడానికే వారాలు పడుతుంది కాబట్టి ఇంకా ముందు చెప్పాలి. ఉచిత సలహాల్లో ఇచ్చే కేలండర్లలో బ్లాక్ ఫ్రైడే ఉంటుంది, వరలక్ష్మీవ్రతం ఉండదు.

ఇక కోర్సు సంగతి. ఆ పెద్దమనిషిని ఒకటే అడుగు. "నా పేజీ చూసి, నా దగ్గర కొనకుండా పోయినవాళ్లు ఎందుకు పోయారో చెప్పండి" అని. చెప్పగలిగితే చేరు. వెయ్యిమందికి ఒకే పాఠం అయితే మీ మామగారి మాటే విను.

అకౌంట్స్ అబ్బాయి, చిత్తూరు

ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. ఎవరూ జీఎస్టీ మాట ఎత్తలేదు కాబట్టి చిన్న నోటు. మన రాష్ట్రంలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్, సేవలు కూడా ఉంటే మొత్తం 20 లక్షలు దాటితే. మీరు పెట్టే క్లాసు సేవ కిందికి వస్తుంది. మామూలుగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవరు తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. నోటిఫై చేసిన చేతివృత్తి వస్తువులకు షరతులతో మినహాయింపు ఉంది. బెంగళూరు, చెన్నై బొటిక్కులకు పంపేముందు మీ గుడ్డ ఏ జీఎస్టీ కోడ్ కిందికి వస్తుందో చూపించుకోండి. ఉద్యం (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉచితం, ప్రభుత్వ సైటులో ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు. డబ్బులడిగే సైట్లు చాలా ఉన్నాయి, అవి వేరే.

కలంకారి కోడలు, తిరుపతి

అందరికీ మళ్లీ థ్యాంక్స్. మామగారితో మాట్లాడాను. "ఇంత నుంచి ఇంత" అని ధర పెట్టడానికి ఒప్పుకున్నారు. క్లాసు మాటకు నవ్వారు, కాదనలేదు. మా ఆడపడుచు మాత్రం రెండో శనివారానికి సిద్ధం, చేతిగుడ్డలకు పాలు పట్టించడం కూడా మొదలుపెట్టింది. కోర్సాయనకు అన్న చెప్పిన ప్రశ్న పంపాను. "కోర్సులో మూడో మాడ్యూల్‌లో ఉంటుంది" అని జవాబిచ్చాడు. చేరట్లేదు.

వాట్సాప్‌లో ధర అడిగినవాళ్లకు పంపడానికి ఇది రాసుకున్నాను. ఎలా ఉందో చెప్పండి.

"నమస్తే. అడిగినందుకు థ్యాంక్స్. మాది శ్రీకాళహస్తి, ఇది కలంతో చేత్తో వేసిన కలంకారి. నూలు దుపట్టాలు 2,800 నుంచి 4,200, పట్టుచీరలు 14,000 నుంచి. అచ్చు గుడ్డకూ దీనికీ తేడా ఈ చిన్న వీడియోలో ఉంది. కొత్తగుడ్డకు కొంచెం పాలవాసన ఉంటుంది, రెండు ఉతుకుల్లో పోతుంది. ఇప్పుడు సిద్ధంగా ఉన్నవి కేటలాగ్‌లో చూడొచ్చు. మీకు నచ్చిన బొమ్మ వేయించాలంటే సగం అడ్వాన్సు, త్వరలో తయారుచేసి పంపిస్తాం."

బైరాగిపట్టెడ టీచరమ్మ

బాగుంది. నాకైతే మొహమాటం లేకుండా జవాబివ్వాలనిపిస్తుంది. "మీ బడ్జెట్ చెప్తే అందులో ఉన్నవి పంపిస్తాను" అని ఒక్క ముక్క చేర్చండి.

గాంధీరోడ్డు గల్లాపెట్టె

"త్వరలో" తీసెయ్. దుపట్టాకు ఎన్ని వారాలు, చీరకు ఎన్ని వారాలు అని మామగారిని అడిగి, దానికి ఇంకో వారం కలిపి రాయి. వానాకాలంలో ఎండ ఉండదు కాబట్టి అప్పుడు ఇంకా ఎక్కువ పడుతుందని కూడా చెప్పు. అడ్వాన్సు కట్టే యూపీఐ నెంబరు ఎవరి పేరు మీద ఉందో అదే మెసేజ్‌లో రాయి. తెలియని పేరు కనిపిస్తే డబ్బు పంపబోయి ఆగిపోతారు.